మన డీఎన్ఏలో నకళ్ల వ్యవహారం

శ్రోతలకు నమస్కారం.

మన డీఎన్ఏలో ప్రోటీన్ల తయారీకి సూచనలిచ్చే భాగం రెండు శాతం కూడా ఉండదు. దాదాపు సగం మాత్రం, చోటు మారగల జన్యుముక్కలూ వాటి అవశేషాలే. ఇలాంటివి ఉన్నాయని బార్బరా మెక్‌క్లింటాక్ 1940లలోనే మొక్కజొన్న గింజల రంగులను బట్టి కనిపెట్టారు. తోటి శాస్త్రవేత్తలు చాలాకాలం పెద్దగా పట్టించుకోలేదు. నోబెల్ బహుమతి 1983లో వచ్చింది, ఆమెకు 81వ ఏట!

మనుషుల్లో ఈనాటికీ సొంత బలంతో ఇలా మరోచోట చేరగలిగేది ఒక్కటే. దాని పేరు లైన్-1, పొడవు సుమారు 6,000 అక్షరాలు, అంటే డీఎన్ఏ రాతలోని 'ఏ', 'టీ', 'జీ', 'సీ' అనే రసాయన అక్షరాలు. అది ఉన్నచోటు ఖాళీ చేయదు. అసలు అక్కడే ఉంటుంది, నకలు మరోచోట చేరుతుంది.

ముందు కణం లైన్-1ను మామూలు జన్యువులాగే ఆర్ఎన్ఏగా, అంటే తాత్కాలిక ప్రతిగా రాస్తుంది. ఆ ఆర్ఎన్ఏ కేంద్రకం బయటికి వచ్చి రెండు రకాల ప్రోటీన్లు చేయించుకుంటుంది. అవి తమను పుట్టించిన ఆర్ఎన్ఏనే పట్టుకుని కేంద్రకంలోకి తిరిగి వెళ్తాయి. వీటిలో రెండోది గడుసుది. డీఎన్ఏను తెంపడమూ దానికి వచ్చు, ఆర్ఎన్ఏను చూసి డీఎన్ఏ రాయడమూ వచ్చు. 'టీ' అక్షరాలు వరసగా ఉన్నచోటు చూసుకుని, డీఎన్ఏ రెండు పోగుల్లో ఒకదాన్ని తెంపుతుంది. ఆర్ఎన్ఏ చివరన 'ఏ' అనే అక్షరాల వరస ఉంటుంది. 'ఏ'కు 'టీ' జత కనుక ఆ రెండూ కలుస్తాయి. తెగిన కొసనే ఆధారం చేసుకుని అక్కడికక్కడే రాత మొదలవుతుంది. ఎక్కడో రాసి తెచ్చి ఇక్కడ అతికించే పని కాదు, అదే నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం.

అయితే రాత చివరి నుంచి మొదటి వైపు సాగుతూ చాలాసార్లు మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే ఐదు లక్షల నకళ్లున్నా చాలావరకు మొండివే. ఒక్కో మనిషిలో మళ్లీ నకలు తీయగలిగినవి సుమారు వందే.

ఇక అలూ అనే ముక్క సంగతి. పొడవు 300 అక్షరాలు, సొంత ప్రోటీన్ ఒక్కటీ లేదు. లైన్-1 చేయించుకున్న ప్రోటీన్‌నే వాడుకుని పది లక్షలకు పైగా నకళ్లు పోగేసుకుంది. సొమ్మొకడిది, సోకొకడిది!

కణం ఊరుకోదు. ఈ ముక్కల మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు వేసి చాలావరకు నోరు నొక్కేస్తుంది. అయినా అప్పుడప్పుడు ఒకటి తప్పించుకుని ముఖ్యమైన జన్యువులో దిగబడుతుంది. రక్తం గడ్డకట్టడానికి అవసరమైన జన్యువులో లైన్-1 చేరడం వల్ల హీమోఫీలియా వచ్చినట్టు 1988లో తేలింది.

ఇదంతా నష్టమేనని మాత్రం నేను అనను. సుమారు రెండున్నర కోట్ల ఏళ్ల కిందట మన పూర్వీకులకు తోక పోవడానికి ఒక అలూ ముక్క కారణమై ఉండవచ్చని 2024లో ప్రచురితమైన పరిశోధన చెబుతోంది. ఆ ముక్క వల్ల తోకకు సంబంధించిన జన్యువులో కలిగే ఫలితాన్నే ఎలుకల్లో కల్పిస్తే, కొన్ని పొట్టి తోకతో, కొన్ని అసలు తోకే లేకుండా పుట్టాయి. వెన్నుపాము సరిగా ఏర్పడనివీ వాటిలో ఉన్నాయి.