విద్యార్థి రెండోసారి రానక్కర్లేని ఆఫీసు

శ్రోతలకు నమస్కారం. యూనివర్సిటీలో ఉద్యోగం అనగానే మన ఇళ్లలో జీతమెంత, సెలవులెన్ని, క్వార్టర్స్ ఇస్తారా అని అడుగుతారు. అడగాల్సినవే. వాటితో పాటు ఇంకొకటి కూడా అడగాలి: ఒక్క పని కోసం అక్కడ విద్యార్థి ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరుగుతున్నాడు? ఒక్కసారితో పనయ్యే చోట ఉద్యోగికీ నెమ్మది ఉంటుంది. నాలుగుసార్లు తిరిగే చోట ఇద్దరికీ ఉండదు.

పరీక్షల విభాగాన్నే తీసుకుందాం. ఫలితాలు వచ్చాయి. కొందరి నంబర్ల ఎదురుగా మార్కులకు బదులు ‘విత్‌హెల్డ్’, అంటే ఫలితం ఆపేశామని ఉంది. చాలాసార్లు తప్పు పిల్లలది కాదు. ఏదో ఒక సబ్జెక్టు ఇంటర్నల్ మార్కులు డిపార్ట్‌మెంట్ నుంచి అంది ఉండవు, లేదా హాల్‌టికెట్ నంబరులో ఒక అంకె తారుమారై ఉంటుంది. విద్యార్థి కౌంటర్‌కు వస్తే డిపార్ట్‌మెంట్‌కు పొమ్మంటారు. అక్కడ హెడ్ లెటర్ రాయాలి, ప్రిన్సిపల్ ఫార్వర్డ్ చేయాలి. తిరిగి పరీక్షల విభాగంలో సెక్షన్ అసిస్టెంట్ నోట్ పెట్టాలి, సూపరింటెండెంట్ చూడాలి, ఫైలు ఆ విభాగం పెద్ద అయిన కంట్రోలర్ దాకా వెళ్లి సంతకమై దిగాలి. ఆ తర్వాత మార్కులు ఎక్కించి మెమో అచ్చువేయాలి. ఒక్క అంకె కోసం ఇన్ని బల్లలు! ఇలాంటివి వంద ఉన్నాయంటే ఆ సెక్షన్‌కు నెలంతా ఇదే పని. ఈలోగా పీజీ అడ్మిషన్ల గడువు ముంచుకొస్తుంది. పిల్లల కన్నీళ్లు, తల్లిదండ్రుల కేకలు కిటికీ దగ్గర కూర్చున్న జూనియర్ అసిస్టెంట్ ఒక్కరే పడాలి.

దీనికి కావాల్సింది పెద్ద ఖర్చేమీ కాదు. థియరీ పరీక్షలకు కనీసం పది రోజుల ముందే ఇంటర్నల్ మార్కులు పోర్టల్‌లో ఎక్కించాలి. ఎవరి మార్కులు వాళ్లకు కనిపించాలి. అభ్యంతరాలకు మూడు రోజులు గడువిచ్చి తర్వాత తాళం వేసేయాలి. పేరు స్పెల్లింగు పదో తరగతి మెమోతో సరిపోయిందా లేదా అన్నది అడ్మిషన్ నాడే విద్యార్థికి చూపించి సంతకం తీసుకోవాలి. అప్పుడు అయిదు నిమిషాల పని. డిగ్రీ పట్టా అచ్చయ్యాక అదే పనికి దరఖాస్తు, అఫిడవిట్, ఫీజు, మళ్లీ కొత్త అచ్చు.

గడువులకు నిబంధనలూ ఉన్నాయి. అర్హత వచ్చిన 180 రోజుల్లోపు పట్టా ఇవ్వాలని యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ ఎప్పుడో చెప్పింది. విద్యార్థుల ఫిర్యాదుల మీద 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం కమిటీ వీలైనంతవరకు 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. ఇవి విద్యార్థి కోసమే అనుకుంటాం గానీ, ఉద్యోగినీ కాపాడతాయి. రసీదు మీద ఫలానా తేదీన ఇస్తామని రాసి ఆ తేదీకి ఇచ్చేస్తే, ‘మనవాడే, కాస్త చూడండి’ అనే ఫోన్లు వాటంతటవే తగ్గుతాయి.

ఇక అధ్యాపకుల సంగతి. యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్‌కు, ప్రొఫెసర్‌కు 14 గంటల బోధన అని ఉంది. మొత్తం పని 40 గంటలు. మిగిలిన సమయం పరిశోధనకు, ప్రిపరేషన్‌కు, సందేహాలతో వచ్చే పిల్లలకు. ఈ లెక్క తప్పేది ఖాళీల దగ్గర. ఆరు పోస్టుల్లో రెండు ఖాళీగా ఉంటే వారానికి సుమారు 30 గంటల బోధన మిగతా నలుగురి మీదో, పీరియడ్ లెక్కన వచ్చే పార్ట్‌టైమ్ వాళ్ల మీదో పడుతుంది. క్లాసుకు 60 మంది, నాలుగు పేపర్లు, రెండేసి ఇంటర్నల్స్ అనుకోండి: ఒక్కరే సెమిస్టరుకు 480 జవాబు పత్రాలు దిద్దాలి. దిద్ది, తప్పెక్కడో చెప్పి వెనక్కివ్వడానికి తీరికేది? కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు ‘విద్యార్థి కేంద్రిత బోధన’ ఫైల్లో భద్రంగానే ఉంటుంది.

విద్యార్థులు మారితే పనివేళలూ మారతాయి. 2008లో పెట్టిన ఆర్జీయూకేటీలో, అంటే బాసర, నూజివీడు లాంటి ట్రిపుల్ ఐటీల్లో, పదో తరగతి అయిన పిల్లలు ఆరేళ్లు క్యాంపస్‌లోనే ఉండి చదువుతారు. అలాంటి చోట కౌన్సెలర్, వార్డెన్, డాక్టర్ విడిగా లేకపోతే రాత్రి పదకొండుకు జ్వరం వచ్చినా, ఇంటి మీద బెంగ పెట్టుకున్నా ఫోన్ అధ్యాపకుడికే వస్తుంది. 1982లో మొదలైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూ చదివేవాళ్లు. సెలవు రోజే వాళ్లకు తీరిక. అలాంటి పనికి వెళ్లేవాళ్లు ఆదివారం డ్యూటీకి బదులు సెలవు రాతపూర్వకంగా ఉందో లేదో ముందే కనుక్కోవాలి. నోటిమాట సెక్షన్ ఆఫీసర్ బదిలీ అయ్యేదాకానే.

దరఖాస్తు పెట్టేముందు రెండు పనులు చేయండి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తన ఉద్యోగుల జాబితా, విధులు, జీతాలు తానుగా బయటపెట్టాలి. వెబ్‌సైట్‌లో చూస్తే ఏ డిపార్ట్‌మెంట్‌లో రెగ్యులర్ వాళ్లెందరో తెలిసిపోతుంది. ఫలితాలొచ్చిన వారంలో ఉదయం పదకొండింటికి పరీక్షల విభాగం కౌంటర్ దగ్గర ఓ గంట నిలబడి చూడండి. కాంట్రాక్టు ఉద్యోగమైతే నియామకపు ఉత్తర్వులో వేసవి నెలలకు జీతం ఉందా, రెన్యువల్‌కు మధ్యలో బ్రేక్ పెడతారా అన్న రెండు వాక్యాలు వెతికి చదివాకే సంతకం పెట్టండి.