వింత మనిషినని ఆవిడకి తెలీదు: లిజ్ స్మిత్ స్మరణ ప్రసంగం

విజయనగరం నాటక సమాజాల పెద్దలకు, ఈమధ్యే ముఖానికి రంగు వేసుకోవడం మొదలుపెట్టిన పిల్లలకు నమస్కారం.

ఈ సాయంత్రం మనం తలుచుకుంటున్న నటి లిజ్ స్మిత్. బ్రిటిష్ టీవీ కామెడీ సీరియల్స్‌లో వింత ముసలమ్మ వేషాలకు ఆవిడ పెట్టింది పేరు. 1921 డిసెంబరు 11న ఇంగ్లండులోని స్కంథార్ప్‌లో పుట్టారు. తొంభై అయిదేళ్లు నిండాక, 2016 డిసెంబరు 24న కన్నుమూశారు. అసలు పేరు బెటీ. రెండేళ్ల పిల్లగా ఉండగానే తల్లి పురిట్లో పోయింది. తండ్రి తన దారి తాను చూసుకున్నాడు. పెంచిందంతా మామ్మే. ఆ తర్వాత పెళ్లి, ఇద్దరు పిల్లలు, విడాకులు, ఇల్లు గడవడానికి చిన్నాచితకా కొలువులు. లండన్‌లో హామ్లీస్ బొమ్మల దుకాణంలో బొమ్మలు అమ్ముతుండగా దర్శకుడు మైక్ లీ నుంచి ఒక సినిమాకి పిలుపొచ్చింది. ఆ సినిమా 1971లో వచ్చింది. అప్పటికి ఆవిడకి యాభై దగ్గర పడ్డాయి. నలభై దాటిందని ముఖానికి రంగు మానేసిన మన ఆడవాళ్లు ఇంకోసారి ఆలోచించుకోవాలి. ఆవిడ అసలు పని అక్కడే మొదలైంది.

మైక్ లీ దగ్గర ముందుగా స్క్రిప్టు ఉండదు. నటీనటులు తమకు తెలిసిన మనుషుల గురించి చెప్పుకుంటూ పోతారు. అందులోంచి ఒకరిని పట్టుకుని పాత్రని పెంచుతారు. ఆ మనిషి ఎలా నడుస్తుంది, చిల్లర ఎక్కడ దాస్తుంది, ఎవరి ముందు నోరు మూసుకుంటుంది... ఇవన్నీ తేలాకే మాటలు. మనం తిరగేసి చేస్తాం. ముందు డైలాగు బట్టీ, తర్వాత దానికి చేతులు తగిలించడం. అందుకే మన ముసలమ్మ వేషాల్లో గొంతు వణుకుతుంది గానీ మనిషి కనబడదు.

ఇక 1994లో మొదలైన టీవీ కామెడీ సీరియల్ వికార్ ఆఫ్ డిబ్లీ, అంటే డిబ్లీ అనే ఊరి చర్చి పాస్టరమ్మ కథ. అందులో ఆవిడ పాత్ర పేరు లెటీషియా. ఊళ్లో చర్చికి పువ్వులు సర్దుతుంది, ఏ సందర్భమొచ్చినా వండి తెస్తుంది. వండేవి ఎలాంటివంటే, పంది కొవ్వూ చేప ముద్దా కలిపిన పాన్‌కేకులు, నారింజ కేకు మీద ఊరగాయ పూత. మన లెక్కలో చెప్పాలంటే మామిడి తాండ్రలో నెత్తళ్లు చుట్టి పండక్కి ఇంటింటికీ పంచినట్టు.

ఆ పాత్రలో పట్టుకోవాల్సింది ఒకటుంది. లెటీషియాకి తన వంట వింతదని తెలీదు. ఆవిడ ఎవరినీ ఆటపట్టించడం లేదు, ప్రేమగా పెడుతోంది. నవ్వు పుట్టేది తినేవాళ్ల ముఖంలో. పెట్టేవాళ్ల ముఖంలో నవ్వు తెప్పించాలన్న ఆశ ఒక్క చుక్క కనబడినా సీను పోతుంది. మన ఊరి పూటకూళ్లమ్మని చూడండి. 1892లో ఇక్కడే తొలిసారి ఆడిన కన్యాశుల్కంలో ఆవిడ చీపురుకట్ట పట్టుకొచ్చేది నిజం కోపంతో. ఆ వేషం కట్టినవాళ్లు జనం వైపు ఓరగా చూసి కన్ను కొడితే, చీపురుకి బరువుండదు.

సాధనకి ఈ పళ్లెం సీనే తీసుకోండి. ముసలమ్మ పళ్లెం రెండు చేతులా పట్టుకొస్తుంది. "తినమ్మా, సల్లారిపోతాది" అని చేతిలో పెడుతుంది. అవతలి అమ్మాయి కొరుకుతుంది. ఇప్పుడు ముసలమ్మ చూడాల్సింది అమ్మాయి కళ్లని కాదు, నోటిని. నమలడం పూర్తయ్యే దాకా చూడాలి. నమిలే కొద్దీ తన తల కూడా కాస్త ఆడాలి, పసిపిల్లకి గోరుముద్దలు పెట్టే తల్లికి ఆడినట్టు. మింగాకే, "ఇంకోటెయ్యమంటావేటి?" తొందరపడి నమిలేటప్పుడే ఆ మాట అనేస్తారు చాలామంది. దాంతో జనానికి ఆ ముద్ద ఊహించుకునే వ్యవధి దక్కదు.

ఆ పళ్లెంలో నిజం అరిసె పెట్టకండి. గట్టిగా ఉంటుంది, నోరు ఖాళీ అయ్యేసరికి సీను చల్లారిపోతుంది. మరమరాలూ, పొడి పదార్థాలూ వద్దు, పొలమారుతుంది. పాలూ పెరుగూ గొంతులో జిగురు కడతాయి. బాగా మగ్గిన అరటిపండు రెండంగుళాల ముక్క చాలు, రంగు కావాలంటే బీట్‌రూట్ రసం. మెత్తటి ముక్కయితే మూడు నాలుగు సార్లు నమిలేసరికి మింగుడుపడుతుంది. కాలర్ మైకు ఉంటే తినే అమ్మాయి మైకు ఆ కాసేపు తగ్గించమని ముందే చెప్పి ఉంచండి.

జనం నవ్వారు. ఇప్పుడేం చెయ్యాలి? నవ్వు ఎక్కేటప్పుడు మాట్లాడితే డైలాగు మునిగిపోతుంది. పూర్తిగా ఆగేదాకా ఉంటే వేడి పోతుంది. నవ్వు దిగడం మొదలై సగానికొచ్చినప్పుడు అందుకోవాలి. ఆ మధ్యలో బొమ్మలా నిలబడకూడదు. చీర కొంగుతో పళ్లెం అంచు తుడవండి, కింద పడ్డ మెతుకు ఏరండి. పాత్ర తన పని తాను చేసుకుంటూనే ఉండాలి.

1998లో మొదలైన ఆవిడ ఇంకో టీవీ కామెడీ సీరియల్ రాయిల్ ఫ్యామిలీలో ఈ లెక్కలు పనికిరావు. మాంచెస్టర్‌లో ఒక పేదింటి ముందుగది, సోఫా, టీవీ, అంతే. స్టూడియోలో జనం లేరు, వెనక నుంచి నవ్వుల శబ్దం కలపలేదు. ఇంటి ఇల్లాలి తల్లిగా, అందరూ నానా, అంటే అమ్మమ్మ, అని పిలిచే ముసలమ్మగా ఆవిడ సోఫాలో కూర్చుంటుంది. నవ్వు కోసం ఆగే పనిలేదు కాబట్టి, మామూలు ఇంట్లో మాటకీ మాటకీ మధ్య ఉండే మౌనమే అక్కడ తాళం. అదే ఆవిడ, అదే ముసలితనం, కానీ పాత్రని బట్టి వేగం వేరు. కెమెరా ముందు షార్ట్ ఫిలింలు చేసే పిల్లలు స్టేజీ మీద నవ్వు కోసం ఆగే అలవాటుని అక్కడికి మోసుకుపోకండి.

ముసలితనం సంగతి కూడా చెప్పాలి. పాతికేళ్ల అమ్మాయి డెబ్బై ఏళ్ల వేషం కడితే నడుం వంచేసి, చేతులు వణికించి, జుట్టంతా తెల్లగా పూసేస్తుంది. ఒక్క నొప్పి ఎంచుకోండి. కుడి మోకాలు అనుకుందాం. కూర్చునేటప్పుడు ముందు చెయ్యి వెనక్కి చాచి కుర్చీని తడమాలి, తర్వాత ఎడమ కాలి మీద బరువు వెయ్యాలి, ఆఖరున కూలబడాలి. కూర్చున్నాక ఒక్క క్షణం ఊపిరి, అప్పుడు మాట. ఇది ప్రతిసారీ అలాగే జరగాలి. రెండో సీన్లో ఎడమ మోకాలు నొప్పెడితే ముందు వరస పట్టేస్తుంది.

లెటీషియా 1996 ఈస్టర్ ప్రత్యేక భాగంలో పోతుంది. ఏటా ఈస్టర్‌కి కుందేలు వేషం కట్టుకుని పిల్లలకి గుడ్లు పంచింది తనేనని, ఇక మీద ఆ పని చూసుకోమని చనిపోయే ముందు పాస్టరమ్మని అడుగుతుంది. తీరా చూస్తే అదే మాట ఊళ్లో చాలామందిని అడిగి ఉంటుంది. రాత్రి అందరూ కుందేలు వేషాల్లో ఒకరికొకరు ఎదురుపడతారు. ఆ మంచం సీను వేసేవాళ్లు ఏడిపించాలని చూడకండి. పిండి తడిసిందో లేదో చూడమని కోడలికి చెప్పినంత మామూలుగా ఆ మాట అడగండి.

కుర్చీ, పళ్లెం, అరటిపళ్లు ఇక్కడే ఉన్నాయి. కుడి మోకాలితో మొదలుపెడదాం, ఇద్దరు రండి.