సరిహద్దులో గొడవ, మేడ మీద అద్దెకున్న ఆడపిల్లలు: న్యాయ సలహాల ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. విజయవాడ స్టూడియోలో అడ్వకేట్ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ గుంటూరు అరండల్‌పేట నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మా మేడ మీద పోర్షన్ ఇద్దరు మణిపూర్ ఆడపిల్లలకి ఇచ్చామండి. బ్యూటీ పార్లర్‌లో పని. అద్దె ఒకటో తారీఖుకే ఇచ్చేస్తారు. సరిహద్దులో గొడవని టీవీలో వచ్చిన దగ్గర్నుంచీ వీధిలో వాళ్లని 'చైనా, చైనా' అంటున్నారు. పక్కింటాయన రోజూ వచ్చి ఖాళీ చేయించమంటాడు. మా వారేమో మనకెందుకొచ్చిన తలనొప్పి అంటారు. నాకు ఒకటే టెన్షన్. ఖాళీ చేయించొచ్చా అండీ?

అడ్వకేట్: అగ్రిమెంట్ ఉందా?

శ్రోత: లేదండి. నెలనెలా ఇస్తారు.

అడ్వకేట్: నెలవారీ అద్దె అయినా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. రాత్రికి రాత్రి సామాను బయట పెడితే కుదరదు. ఆధార్ జిరాక్స్ తీసుకున్నారా?

శ్రోత: ఉందండి, మణిపూర్ అడ్రసే. వాళ్లు చైనావాళ్లు కాదని అందరికీ అదే చెబుతున్నా.

అడ్వకేట్: అక్కడే ఆగండమ్మా. చైనా మూలాలున్న పిల్లలే అయితే వెళ్లగొట్టొచ్చా? 1962 యుద్ధంలో అస్సాం, షిల్లాంగ్, డార్జిలింగ్‌లలో స్థిరపడిన చైనా సంతతి కుటుంబాలను, ముసలివాళ్లనీ చంటిపిల్లలనీ చూడకుండా రైలెక్కించి రాజస్థాన్‌లోని దేవలీ శిబిరానికి పంపారు. సుమారు 3000 మంది. చాలామంది ఇక్కడే పుట్టినవాళ్లు. కేసు లేదు, విచారణ లేదు. యుద్ధం నెల రోజుల్లో ఆగింది, కొందరు మాత్రం 1967 దాకా అక్కడే ఉన్నారు. బయటికొచ్చేసరికి ఇల్లూ లేదు, దుకాణమూ లేదు. ముఖం చూసి దేశం తేల్చకండి.

శ్రోత: అయ్యో పాపం... అయితే ఖాళీ చేయించమంటారా, వద్దంటారా?

అడ్వకేట్: ఇంతసేపూ చెప్పింది అదేనమ్మా, వద్దు! ...మీ భయం నాకు అర్థమైంది. పక్కింటాయన బెదిరిస్తే ఏ రోజు ఏమన్నాడో రాసిపెట్టుకోండి, 112కి ఫోన్ చేయండి. బెదిరింపుకి భారతీయ న్యాయ సంహితలో, అంటే క్రిమినల్ చట్టంలో, 351 సెక్షన్ ఉంది. ముందు మేడ మీదకి వెళ్లి ఆ పిల్లలకి 'మేమున్నాం' అని చెప్పండి. వాళ్లెంత బెదిరిపోయి ఉంటారో ఆలోచించండి.

శ్రోత: మా వారు ఊరుకోరండి...

అడ్వకేట్: ఆయన్నీ వెంట తీసుకెళ్లండి.

యాంకర్: థాంక్స్ అమ్మా. తర్వాతి కాల్ పటమట నుంచి.

శ్రోత: సర్, అమెరికాలో జపాన్ వాళ్లనీ ఇలాగే చేశారట కదా?

అడ్వకేట్: 1942 ఫిబ్రవరి 19న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు ఇచ్చాడు. సుమారు 1,20,000 మందిని శిబిరాల్లో పెట్టారు, మూడింట రెండొంతులు అమెరికా పౌరులే. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్నవాళ్లకి తలా 20,000 డాలర్లు ఇచ్చింది. అప్పటికి ఎంతమంది పోయారో!

యాంకర్: తర్వాత మంగళగిరి.

శ్రోత: యుద్ధమప్పుడు జాగ్రత్త అక్కర్లేదా సార్? గూఢచారులుంటే...

అడ్వకేట్: వాళ్లని పట్టుకోవడం పోలీసుల పనండి. ఏం చేశాడో చూస్తే 112కి చెప్పండి. ఎలా ఉన్నాడో చెప్పకండి. ముఖం చూసి దేశం...

శ్రోత: అది కాదు సార్...

యాంకర్: టైం లేదండి, సారీ. చివరి కాల్, గుంటూరు కొత్తపేట.

శ్రోత: మా క్లాస్‌మేట్ నాగాలాండ్ అమ్మాయి సర్. బస్టాండ్‌లో జుట్టు పట్టి లాగారు. స్టేషన్‌లో కంప్లైంట్ తీసుకోలేదు.

అడ్వకేట్: జరిగిందంతా రాసి ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆడపిల్ల కాబట్టి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, 15100కి ఫోన్ చేయండి. ఆ అమ్మాయిని ఒంటరిగా పంపకు నాన్నా, నువ్వూ వెళ్లు.

శ్రోత: వెళ్తాను సర్. నంబర్ మళ్లీ చెప్తారా?

అడ్వకేట్: 15100.

యాంకర్: ధన్యవాదాలు.