అమెరికా కమ్యూనిటీ కాలేజీలు: కరోనా తర్వాత కోర్సులు ఎందుకు చిన్నవయ్యాయి?

[స్క్రీన్ మీద: అరిజోనా మ్యాప్. ఫీనిక్స్, మెసా, చాండ్లర్ ఊళ్లు ఒక్కొక్కటిగా వెలుగుతాయి]

నమస్కారం. రోజుకి నాలుగు గంటల చొప్పున పది రోజులు, అంటే మొత్తం 40 గంటల క్లాసు. చిప్ ఫ్యాక్టరీలో టెక్నీషియన్‌గా చేరాలనుకునేవాళ్ల కోసం అరిజోనాలోని మారికోపా కమ్యూనిటీ కాలేజీలు 2022లో ఈ కోర్సు మొదలుపెట్టాయి. చిప్‌లు తయారు చేసే కంపెనీ ఇంటెల్‌తో కలిసి రూపొందించిన కోర్సిది. ముందస్తు అనుభవం అక్కర్లేదు. ఫీజు 270 డాలర్లు. పరీక్ష పాసైన స్థానికులకు ఆ మేరకు స్టైపెండ్ కూడా ఇచ్చారు.

రెండేళ్ల డిగ్రీలు చెప్పే కాలేజీకి పది రోజుల కోర్సు పెట్టాల్సిన అవసరం ఎందుకొచ్చింది? ఈ వీడియోలో చెప్పబోయేది అదే. ఈ తొందరలో మంచి ఎంత, ప్రమాదం ఎంత అన్నది కూడా చూద్దాం.

[విజువల్: జోలియెట్ జూనియర్ కాలేజీ పాత ఫొటో, 1901]

ముందు కమ్యూనిటీ కాలేజీ అంటే ఏంటో చూద్దాం. మొదటిది 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో పుట్టింది. ఇప్పుడు దేశం మొత్తమ్మీద దాదాపు వెయ్యి ఉన్నాయి. మన పాలిటెక్నిక్, ఐటీఐ, డిగ్రీ కాలేజీ మొదటి రెండేళ్లు, ఈ మూడూ ఒకే ఆవరణలో ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ర్యాంకులు, కటాఫ్‌లు లేవు. హైస్కూలు పూర్తి చేస్తే చాలు, తలుపు తెరిచే ఉంటుంది. నర్సులు, ఎలక్ట్రీషియన్లు, ఫైర్‌ సిబ్బంది, వెల్డర్లు చాలామంది ఇక్కడే తయారవుతారు. యూనివర్సిటీ ఫీజు కట్టలేనివాళ్లు ఇక్కడ రెండేళ్లు చదివి తర్వాత అక్కడికి మారతారు. విద్యార్థుల్లో ఎక్కువమంది పార్ట్‌టైమ్. పగలు ఉద్యోగం, రాత్రి క్లాసు, మధ్యలో పిల్లలు.

మామూలుగా ఆర్థిక మాంద్యం వస్తే ఈ కాలేజీలు కిటకిటలాడతాయి. ఉద్యోగం పోయినవాళ్లు కొత్త పని నేర్చుకుందామని వస్తారు. 2008 తర్వాత అదే జరిగింది. 2020లో మాత్రం అంతా తలకిందులైంది.

[స్క్రీన్ మీద గ్రాఫ్: 2019 నుంచి 2020కి చేరికలు, సుమారు 10 శాతం తగ్గుదల]

ఒక్క ఏడాదిలో చేరికలు సుమారు 10 శాతం పడిపోయాయి. మొదటిసారి కాలేజీలో చేరేవాళ్లయితే ఐదో వంతు తగ్గిపోయారు. కారణం వెతకడం కష్టమేమీ కాదు. వెల్డింగ్ జూమ్‌లో నేర్పలేరు. నర్సింగ్ విద్యార్థుల్ని వార్డుల్లోకి రానివ్వకుండా ఆసుపత్రులు తలుపులు మూసేశాయి. చాలా కాలేజీలు బొమ్మ రోగులతో, సిమ్యులేషన్‌తో క్లినికల్ గంటలు పూర్తి చేయించాల్సి వచ్చింది. బడులు మూతపడి పిల్లలు ఇంట్లో ఉంటే తల్లి చదువే ముందు ఆగిపోయింది. ఆ తర్వాత గోదాముల్లో, డెలివరీ పనుల్లో జీతాలు పెరిగాయి. అద్దె కట్టాల్సినవాడు చేతికందిన డబ్బు వదులుకుని, రెండేళ్ల తర్వాత వస్తుందో రాదో తెలియని సర్టిఫికెట్ కోసం ఎందుకు కూర్చుంటాడు?

అప్పుడు మంచి కాలేజీలు అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. ఏ కొత్త కోర్సు పెడదాం అన్నది తర్వాత సంగతి, అసలు మన టైమ్‌టేబుల్ ఎవరి కోసం పెట్టాం అని అడిగాయి.

[విజువల్: రెండు క్యాలెండర్లు పక్కపక్కనే. ఒకటి 16 వారాలు, రెండోది 8 వారాలు]

టెక్సస్‌లో అమరిల్లో కాలేజీ అని ఉంది. మీకు ఏది అడ్డొస్తోంది అని కరోనాకి ఎన్నో ఏళ్ల ముందే విద్యార్థుల్ని అడిగింది. తిండి, ఇల్లు, బండి, పిల్లల్ని చూసుకునే మనిషి... ఇలాంటి జవాబులే ముందొచ్చాయి. పాఠం అర్థం కాకపోవడం పెద్ద సమస్యే కాదు. దాంతో క్యాంపస్‌లోనే ఆహార సరుకులు ఇచ్చే చోటు పెట్టారు, సాయం చేసే సిబ్బందిని పెట్టారు. 16 వారాల సెమిస్టర్‌ని రెండుగా విడగొట్టి 8 వారాల టర్మ్‌లు చేశారు. 2023లో ఈ కాలేజీకి కమ్యూనిటీ కాలేజీల్లో పెద్ద గౌరవమైన ఆస్పెన్ ప్రైజ్ వచ్చింది.

8 వారాలతో ఏం మారుతుంది? ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తూ చదువుకునే ఒకామెను తీసుకుందాం. 16 వారాల పద్ధతిలో నాలుగు సబ్జెక్టులు ఒకేసారి లాగాలి. పదో వారంలో షిఫ్టు మారింది, లేదా కారు పాడైంది. నాలుగూ పోయినట్టే. కట్టిన ఫీజూ పోయింది, పడ్డ కష్టమూ పోయింది. 8 వారాల పద్ధతిలో రెండేసి సబ్జెక్టులే. పదో వారానికి మొదటి రెండూ పాసై చేతిలో ఉంటాయి. మిగతా రెండూ ఆగినా మళ్లీ కొన్ని వారాల్లో ఇంకో టర్మ్ మొదలవుతుంది. సిలబస్ తగ్గలేదు, టీచర్లు మారలేదు. జీవితంలో ఒక దెబ్బ తగిలినప్పుడు పోయేది తగ్గింది, అంతే. నా దృష్టిలో కరోనా తర్వాత వచ్చిన మార్పులన్నిటిలో విలువైనది ఇదే. దీనికి కొత్త బిల్డింగ్ కూడా అక్కర్లేదు!

ఫీజు విషయంలో రాష్ట్రాలు కూడా కదిలాయి. మిషిగన్ 2021లో డిగ్రీ లేని 25 ఏళ్లు దాటినవాళ్లకి తమ జిల్లా కమ్యూనిటీ కాలేజీలో ట్యూషన్ ఉచితం చేసింది. టెనెసీ 2018లోనే ఇలాంటిది మొదలుపెట్టింది.

[స్క్రీన్ మీద: క్లీన్ రూమ్‌లో తెల్లటి బన్నీ సూట్ వేసుకుంటున్న విద్యార్థులు]

ఇప్పుడు అరిజోనాకి వద్దాం. తైవాన్ చిప్ కంపెనీ టీఎస్‌ఎంసీ ఫీనిక్స్‌లో ఫ్యాక్టరీ పెడతానని 2020 మే నెలలో ప్రకటించింది. 2021 మార్చిలో ఇంటెల్ చాండ్లర్‌లో 20 బిలియన్ డాలర్లతో రెండు ఫ్యాక్టరీలు అంది. 2022 ఆగస్టులో, అమెరికాలో చిప్ ఫ్యాక్టరీలు పెట్టేవాళ్లకి ప్రభుత్వం డబ్బు సాయం చేసే చిప్స్ చట్టం వచ్చింది. వేలమంది టెక్నీషియన్లు కావాలి, అదీ వెంటనే.

మామూలు దారిలో వెళ్తే కొత్త డిగ్రీ కోర్సుకి కమిటీలు, అనుమతులు, గుర్తింపు అంటూ పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. క్రెడిట్లు, అంటే డిగ్రీకి లెక్కకొచ్చే పాయింట్లు, లేని కోర్సుకి ఆ బాధ తక్కువ, కొన్ని వారాల్లో మొదలుపెట్టొచ్చు. అందుకే కరోనా తర్వాత చాలా కాలేజీలు ఈ దారి పట్టాయి. మారికోపా కోర్సులో విద్యార్థులు క్లీన్ రూమ్ (దుమ్ము లేకుండా ఉంచే గది) సూట్ వేసుకోవడం దగ్గర్నుంచి పనిముట్లు పట్టుకోవడం, భద్రతా నియమాల దాకా చేతులతో నేర్చుకున్నారు. చాండ్లర్, గిల్బర్ట్ వైపు మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ఈ కాలేజీల పేర్లు కొందరికి తెలిసే ఉంటాయి.

అయితే ఇందులో రెండు చిక్కులున్నాయి.

మొదటిది డబ్బు. పేద విద్యార్థులకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ ఇలాంటి చిన్న కోర్సులకి వచ్చేది కాదు. సాధారణంగా 15 వారాలు, 600 గంటలు ఉంటేనే ఇచ్చేవాళ్లు. అంటే త్వరగా ఉద్యోగం కావాల్సిన పేదవాడికే సొంత జేబులోంచి కట్టాల్సిన పరిస్థితి. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

రెండోది ఇంకా పెద్దది. ఒక్క పరిశ్రమ మీద ఆధారపడి కోర్సు పెడితే, ఆ పరిశ్రమకి జలుబు చేసినప్పుడు విద్యార్థి ఏమవ్వాలి? 2024 ఆగస్టులో ఇంటెల్ 15,000 మందిని తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. పదేళ్లు అనుభవం ఉన్నవాళ్లే వెతుక్కుంటుంటే పది రోజుల సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లినవాడి మాట ఎవరు వింటారు? ఉన్న పని మానేసి వచ్చినవాడైతే రెంటికీ చెడ్డ రేవడే.

[విజువల్: మెట్లు. చిన్న సర్టిఫికెట్, ఏడాది సర్టిఫికెట్, అసోసియేట్ డిగ్రీ, బ్యాచిలర్స్]

అలాగని చిన్న కోర్సులు తీసెయ్యమని కాదు. అవి పైమెట్టుకి కలవాలి. పది రోజుల్లో నేర్చుకున్నది రేపు ఎలక్ట్రానిక్స్ డిగ్రీలో క్రెడిట్లుగా లెక్కకి రావాలి. అప్పుడు చిప్ ఫ్యాక్టరీ కాకపోతే ఇంకో ఫ్యాక్టరీ, లేదా పై చదువు. అరిజోనా 2021లో కమ్యూనిటీ కాలేజీలు నాలుగేళ్ల డిగ్రీలు కూడా ఇవ్వొచ్చని చట్టం చేసింది. కాబట్టి అక్కడ మెట్లన్నీ ఒకే చోట ఉండే అవకాశం ఉంది.

కాలేజీలకి డబ్బు వచ్చే పద్ధతి మారితే ఈ ధోరణీ మారుతుంది. టెక్సస్‌లో ఒకప్పుడు ఎంతమంది ఎన్ని గంటలు క్లాసులో కూర్చున్నారన్నదే నిధులకి ముఖ్యమైన లెక్క. 2023లో హౌస్ బిల్ 8 అనే రాష్ట్ర చట్టం దాన్ని మార్చింది. ఎంతమంది విలువైన సర్టిఫికెట్‌తో బయటికొచ్చారు, ఎంతమంది యూనివర్సిటీకి మారారు అన్నదే ఇప్పుడు ప్రధానం.

[స్క్రీన్ మీద: 150 గంటలు, 8 వారాలు, 70 శాతం, 70 శాతం]

పెల్ గ్రాంట్ నియమం కూడా మారింది. 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కనీసం 8 వారాలు, 150 గంటలు ఉన్న కోర్సులకీ ఈ గ్రాంట్ వర్తిస్తుంది. షరతులు గట్టివే. చేరినవాళ్లలో 70 శాతం కోర్సు పూర్తి చేయాలి. పూర్తి చేసినవాళ్లలో 70 శాతానికి ఉద్యోగం రావాలి. ఆ సర్టిఫికెట్ పైకోర్సుకి కలిసేలా ఉండాలి. 40 గంటల కోర్సు ఈ లెక్కలోకి రాదు. ఈ గ్రాంట్ కావాలంటే పది రోజుల కోర్సు పెట్టిన కాలేజీలు దాన్ని పెంచాలి, లేదా పెద్ద కోర్సులో భాగం చేయాలి.

మీరో, మీ ఇంట్లోవాళ్లో అక్కడ ఇలాంటి కోర్సులో చేరాలనుకుంటే, ఫీజు కట్టకముందే అడ్మిషన్ ఆఫీసులో అడగండి: పోయిన బ్యాచ్‌లో ఎంతమందికి ఇదే పనిలో ఉద్యోగం వచ్చింది? ఈ గంటలు మీ దగ్గర ఏ డిగ్రీలో క్రెడిట్లుగా లెక్కిస్తారు? జవాబు మాటల్లో చెబితే సరిపోదు, రాతపూర్వకంగా ఇమ్మనండి.