ఎవరి ఖాతా వారిదే

శ్రోతలకు నమస్కారం. మిర్యాలగూడ రైసు మిల్లుల్లోనూ, జడ్చర్ల దగ్గరి పోలేపల్లి మందుల కర్మాగారాల్లోనూ కొనుగోళ్లు, కాంటా తూకాలు, నిల్వలు, బిల్లులు, జీతాలు ఒకే సాఫ్ట్‌వేరులో నడిచే రోజులు వచ్చాయి. అటువంటి సాఫ్ట్‌వేరు పెట్టుకునేటప్పుడు ధర గురించి, శిక్షణ గురించి అందరూ మాట్లాడతారు గాని, లోపలికి ఎవరు ఏ పేరుతో వెళ్లాలి, వెళ్లినవారు ఏమేం చేయవచ్చు అన్న సంగతిని చివరిదాకా పక్కన పెడతారు. నా దృష్టిలో మొదట తేల్చుకోవలసినది అదే.

ఒక మిల్లు కాంటా గదిని తీసుకుందాం. పగలు ఒకరు, రాత్రి ఒకరు, సెలవునాడు మరొకరు ఒకే యూజర్ ఐడీతో, గోడ మీద రాసిపెట్టిన ఒకే పాస్‌వర్డుతో పని చేస్తుంటారు. ఒక లారీ తూకం నమోదైన తరువాత మారిందని తేలితే, ఏ సమయంలో ఏ అంకె పోయి ఏ అంకె వచ్చిందో సాఫ్ట్‌వేరు చెబుతుంది గాని, మనిషి ఎవరంటే ‘కాంటా’ అని మాత్రమే చూపిస్తుంది. తప్పు చేసినవారు దొరకరు. చేయని ఇద్దరూ ఏళ్ల తరబడి అనుమానం మోస్తారు. ఒక్కొక్కరికీ సొంత యూజర్ ఐడీ, పాస్‌వర్డు, అంటే విడి ఖాతా అనగానే అది తమ మీద నిఘా అని సిబ్బంది నొచ్చుకోవడం సహజమే. అయితే కొద్దిపాటి జీతం మీద బతికే గుమాస్తాకు తన నిజాయితీని రుజువు చేసుకోవడానికి మిగిలే సాక్ష్యం ఆ విడి ఖాతాయే. అమెరికాకు మందులు ఎగుమతి చేసే కర్మాగారాలకైతే, 1997 నుంచి అమలులో ఉన్న ఆ దేశపు నిబంధన ప్రకారం, ఒకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని, అంటే సంతకానికి బదులు కంప్యూటరులో తన పేరుతో చేసే ఆమోదాన్ని, మరొకరికి బదలాయించడం కుదరదు.

ఖాతాలు తెరవడానికి ముందు మనుషుల పేర్లు కాక పనుల పేర్లు కాగితం మీద రాసుకోవాలి. ఎవరికైనా వారి పనికి కావలసినంత అధికారమే ఇవ్వాలన్న సూత్రాన్ని సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు కంప్యూటరు శాస్త్రజ్ఞులు 1975లోనే స్పష్టంగా రాశారు. తూకం నమోదు చేసేవారికి దాన్ని దిద్దే అధికారం ఉండకూడదు. అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త డబ్బు దగ్గర కావాలి: కొత్త సరఫరాదారు పేరును, బ్యాంకు ఖాతా నంబరును చేర్చేవారే చెల్లింపును కూడా ఆమోదించగలిగితే, లేని వ్యాపారి పేరు మీద సంస్థ డబ్బు వెళ్లిపోతుంది. చిన్న సంస్థలో అంతమంది ఎక్కడున్నారని అడుగుతారు. అలాంటి చోట కనీసం చెల్లింపుల ఆమోదాన్ని యజమాని తన చేతిలోనే ఉంచుకోవాలి.

యూజర్ ఐడీగా పేరు కంటే ఉద్యోగి సంఖ్య మేలు. మన జిల్లాల్లో ఒకే సంస్థలో ఇద్దరు ముగ్గురు యాదయ్యలు, శ్రీనివాసులు ఉండడం మామూలే. ఉద్యోగం మానినవారి ఖాతాను ఆ రోజే నిలిపివేయాలి గాని తొలగించకూడదు, ఎందుకంటే వారు చేసిన పాత నమోదులకు అదే ఆధారం. నల్లగొండ శాఖ నుంచి మహబూబ్‌నగర్ శాఖకు మారినవారి విషయంలోనే పొరపాటు ఎక్కువగా జరుగుతుంది: కొత్త అధికారాలు ఇస్తారు, పాతవి తీసివేయడం మరుస్తారు, అలా నాలుగు బదిలీలు అయ్యేసరికి సంస్థ లెక్కలన్నీ ఆ ఒక్కరి చేతిలో ఉంటాయి.

పాస్‌వర్డును గడువు పెట్టి మాటిమాటికీ మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో సూచించింది. అలా మార్పిస్తే జనం చివరి అంకె మార్చి ఊరుకుంటారు. పాస్‌వర్డు పొడవుగా ఉండడం, బయటపడిందని తెలిసిన వెంటనే మార్చడం ముఖ్యం. సరిగా తయారైన సాఫ్ట్‌వేరులో అది అసలు రూపంలో నిల్వ ఉండదు కనుక సాఫ్ట్‌వేరును నిర్వహించే అడ్మినుకు కూడా కనిపించదు. ఫోను చేసి అడిగేవారు ఎవరైనా సరే, చెప్పవద్దు. మరొకరి పాస్‌వర్డును మోసపూరితంగా వాడినవారికి సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షను కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

యాజమాన్యాలకు నా విన్నపం ఒకటుంది. మూడు నెలలకొకసారి ఖాతాల జాబితాను అచ్చు తీయించి, విభాగాల పెద్దలందరినీ కూర్చోబెట్టి, పేరు పేరునా చదివించండి. ‘ఈయన ఎవరు?’ అన్న ప్రశ్న ఏ పేరు దగ్గర వచ్చిందో, ఆ ఖాతాను ఆ సాయంత్రమే నిలిపివేయించండి.