ఫోరెన్సిక్ అకౌంటింగ్ కెరీర్ రివ్యూ: దొంగ లెక్కలు పట్టే ఉద్యోగం మీకు సరిపడుతుందా?

అందరికీ నమస్తే. ముందే నా తీర్పు చెప్పేస్తాను. ఈ ఉద్యోగం లెక్కల్లో చురుకైనవాళ్ల కన్నా, విసుగు లేకుండా కాగితాలు చదివి, చదివింది అందరికీ అర్థమయ్యేలా రాయగలిగినవాళ్లకే ఎక్కువ నప్పుతుంది. ఎందుకో చూద్దాం.

మామూలు ఆడిటర్ కొన్ని లావాదేవీలు శాంపిల్‌గా తీసుకుని, మొత్తం మీద ఖాతాలు సరిగ్గా ఉన్నాయా లేదా చూస్తారు. ఫోరెన్సిక్ అకౌంటెంట్ పిలుపు అందుకునేసరికే ఎవరికో అనుమానం వచ్చేసి ఉంటుంది. డబ్బు ఎటు పోయింది? ఎవరు పంపారు? రుజువేంటి? ఇక్కడ శాంపిల్ చాలదు. అనుమానమున్న ఖాతాలో ప్రతి ఎంట్రీ చూడాల్సిందే.

2002లో బయటపడిన అమెరికా టెలిఫోన్ కంపెనీ వరల్డ్‌కామ్ కేసు తీసుకోండి. ఇతర టెలిఫోన్ కంపెనీల లైన్లు వాడుకున్నందుకు కట్టే డబ్బు మామూలుగా ఖర్చు. దాన్ని వాళ్లు ఆస్తిగా రాసేశారు. ఖర్చుగా రాస్తే ఆ ఏడాది లాభంలోంచి మొత్తం పోతుంది. ఆస్తిగా రాస్తే తరుగుదల పేరుతో ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పోతుంది. ట్రిక్కు అంతే! ఇంటర్నల్ ఆడిట్ అధిపతి సింథియా కూపర్, ఆమె బృందం రాత్రిళ్లు గుట్టుగా ఆ ఎంట్రీలు వెతికి, "వీటికి ఆధారపత్రాలేవి?" అని అడిగారు. లేవు. మొదట ప్రకటించిన మొత్తమే 380 కోట్ల డాలర్లు. గమనించారా, ఇందులో పెద్ద గణితమేమీ లేదు. అడగాల్సిన ప్రశ్న వదలకుండా అడిగారు, అంతే.

యూట్యూబ్‌లో అందరూ ఊదరగొట్టే బెన్‌ఫోర్డ్ సూత్రం సంగతికొద్దాం. సహజంగా పుట్టిన సంఖ్యల్లో 1తో మొదలయ్యేవి దాదాపు 30 శాతం, 9తో మొదలయ్యేవి 5 శాతం కూడా ఉండవు. ఖాతాలోని సంఖ్యలు ఈ తీరుకు దూరంగా ఉంటే అనుమానించొచ్చు, కాబట్టి ఇది పనికొచ్చేదే. కానీ ఒకే ధరకు వేల సరుకులు కొనే కంపెనీలో ఏ తప్పూ లేకపోయినా ఈ లెక్క తప్పుతుంది. ఎక్కడ వెతకాలో చెబుతుందే గానీ, అదొక్కటే కోర్టులో రుజువుగా నిలబడదు. నన్నడిగితే దీనికి రావాల్సిన దానికన్నా ఎక్కువ పేరొచ్చింది.

మరి మోసాలు ఎలా బయటపడతాయి? ఏసీఎఫ్ఈ అనే మోస పరిశోధకుల సంఘం 2024 నివేదిక చూస్తే, 43 శాతం కేసులు ఎవరో ఒకరు సమాచారం ఇవ్వడం వల్లే బయటపడ్డాయి. అందులో సగానికి పైగా ఇచ్చింది ఉద్యోగులే. అందుకే మనుషులతో మాట్లాడటం ఇందులో పెద్ద పని. ముందు కేసుకు దూరంగా ఉన్నవాళ్లను కలుస్తారు, అనుమానితుణ్ని చివర్లో పిలుస్తారు. అప్పటికి చేతిలో కాగితాలుండాలి కదా.

ఆ కాగితాలనూ గుడ్డిగా నమ్మకూడదు. 2020లో కుప్పకూలిన జర్మనీ చెల్లింపుల కంపెనీ వైర్‌కార్డ్ ఖాతాల్లో 190 కోట్ల యూరోలు ఫిలిప్పీన్స్ బ్యాంకుల్లో ఉన్నట్టు చూపారు. తీరా చూస్తే, ఆ పత్రాలు నకిలీవని బ్యాంకులే చెప్పాయి. కంపెనీ చేతుల మీదుగా వచ్చిన స్టేట్‌మెంట్‌తో సరిపెట్టుకోకుండా నేరుగా బ్యాంకునే అడగడం ఇందుకే.

నాకు బాగా నచ్చిందీ, చాలామంది తట్టుకోలేనిదీ ఒకటే: రిపోర్టు రాయడం. "ఫలానా వ్యక్తి మోసం చేశాడు" అని రాయకూడదు. దోషి అని తేల్చాల్సింది కోర్టు. "ఈ లాగిన్‌తో ఈ తేదీన ఈ వెండర్ బ్యాంకు ఖాతా నంబరు మారింది, మర్నాడు చెల్లింపు వెళ్లింది" అని రాయాలి. కొత్తవాళ్లకు ఇది చప్పగా అనిపిస్తుంది. కానీ అవతలి లాయరు ఒక్కో మాటా పట్టుకుని లాగుతున్నప్పుడు ఆ చప్పటి వాక్యమే మిమ్మల్ని కాపాడుతుంది.

మైనస్‌లూ ఉన్నాయి. నెలల తరబడి వంకరగా స్కానైన బ్యాంకు స్టేట్‌మెంట్లను ఎక్సెల్‌లోకి ఎక్కించాలి. మీరు గదిలోకి అడుగుపెట్టగానే అందరి మాటలూ ఆగిపోతాయి. ఇంత కష్టపడ్డాక ఒక్కోసారి యాజమాన్యం పరువు పోతుందని కేసే పెట్టదు. రికార్డులు అప్పజెప్పాల్సిన రోజు దగ్గరపడితే టెన్షన్ మామూలుగా ఉండదు.

చదువు సంగతి క్లుప్తంగా: అకౌంటింగ్ గట్టిగా రావాలి. రెండు మూడేళ్లు ఆడిట్‌లో పని చేసి ఇటు రావడం మంచిది. మోస పరిశోధకులకు ఏసీఎఫ్ఈ ఇచ్చే సీఎఫ్ఈ సర్టిఫికేషన్‌కు మోసాల నివారణకో పరిశోధనకో సంబంధించిన రెండేళ్ల అనుభవం అడుగుతారు కాబట్టి, కాలేజీలో ఉండగానే దానికోసం కంగారు పడొద్దు.

కోర్సుకు డబ్బు కట్టేముందు ఈ పని చేయండి. ఏదైనా లిస్టెడ్ కంపెనీ ఐదేళ్ల వార్షిక నివేదికలు తెరిచి, లాభాన్నీ వ్యాపారం నుంచి వచ్చిన నగదునూ పక్కపక్కన రాసుకోండి. లాభం పెరుగుతూ నగదు రాకపోతే కారణమేంటో ఆ నివేదికల్లోని నోట్స్‌లో వెతకండి. తెల్లారేదాకా కూర్చున్నా విసుగు రాలేదంటే ఇటు రండి. రెండో పేజీకే ఆవలింతలు వస్తే ట్యాక్స్ వైపు చూడండి, అదీ మంచి కెరీరే. మీకు కనిపించిన తేడా ఏంటో కామెంట్‌లో రాయండి, కంపెనీ పేరు మాత్రం వద్దు.