ఖాళీగా తిరిగొచ్చే పెట్టె

(బాలానగర్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక పక్కన ఉన్న ఆ నల్ల పెట్టెను చూసి, అందులో భోజనం పొట్లాలు ఉన్నాయేమో అని వెనక వరుసలో ఎవరో అన్నారట. పొట్లాలేమీ లేవండీ, అది ఖాళీ. నేను మాట్లాడబోయేది కూడా ఆ ఖాళీ గురించే.

దాని పొడవు 1200 మిల్లీమీటర్లు, వెడల్పు 1000, ఎత్తు 1000. నూకలు పోయవచ్చు, ప్లాస్టిక్ గుళికలు పోయవచ్చు, లోపల సంచి పరిస్తే మామిడి గుజ్జు కూడా నింపవచ్చు. నాలుగు గోడలనూ లోపలికి పడుకోబెడితే ఎత్తు 380కి దిగుతుంది. రెండున్నర మీటర్ల ఎత్తున్న లారీలో నిలబెట్టిన పెట్టెలు ఒకదాని మీద ఒకటి రెండే పడతాయి. మడిచినవి ఆరు పడతాయి. సరుకుతో మూడు లారీలు వెళ్తే ఖాళీ పెట్టెలతో ఒక్క లారీ తిరిగొస్తే చాలు. మిగతా రెండూ వేరే కిరాయి చూసుకుంటాయి. మామూలు పెట్టె కంటే దీనికి ఎక్కువ ధర ఇచ్చేవాడు ఇస్తున్నది ఆ రెండు లారీల కోసమే. సరుకు మోయడం ఏ పెట్టె అయినా చేస్తుంది.

మడత మనకు కొత్త కాదు. ధాన్యం నిలవచేసే గాదె, గుమ్మి ఉన్నచోటే ఉంటాయి కాబట్టి వాటిని మడవాల్సిన పని ఎవరికీ పడలేదు. ఊళ్లు తిరిగేది గోనె సంచి. యాభై సంచులు ఖాళీ అయితే ఒక్క కట్ట అయి హమాలీ భుజం మీద వెళ్లిపోతాయి. టన్ను సరుకు పట్టే జంబో సంచి దాని మనవడు. ఒక్కసారి వాడి పక్కన పడేసే జంబో సంచి కూడా తన మీద రాసిన బరువుకు 5 రెట్లు తట్టుకోవాలి, మళ్లీ మళ్లీ వాడేదైతే కనీసం 6 రెట్లు అని ప్రమాణం ఉంది. మడతలో సంచిని మించింది లేదు, నేను ఒప్పుకుంటాను. కానీ సంచి మీద సంచి పెడితే నిటారుగా నిలవదు. మన పెట్టె నిలబడాలి, పడుకోవాలి కూడా. తలనొప్పి అక్కడే మొదలు.

కొలతల సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళ్తాను. సనత్‌నగర్ డిపోకు వచ్చే సముద్ర కంటైనర్ల లోపలి వెడల్పు దాదాపు 2.35 మీటర్లు. ఈ పెట్టెలను ఒకటి అడ్డంగా, పక్కది నిలువుగా పెడితే 2.2 మీటర్లు. 20 అడుగుల కంటైనరులో నేల మీద పరిచే వరుసకు 10 సరిపోతాయి.

ఇక గోడలు. పొడవైన గోడలు రెండింటి మధ్య దూరం మీటరు లోపు. ఒక్కో గోడ ఎత్తు దాదాపు 800. రెండూ ఒకే మట్టంలో పడుకోవడానికి చోటెక్కడిది? మొదటి గోడ నేల మీద పడుకుంటే రెండోది దాని మీద పడుకోవాలి. కాబట్టి రెండో గోడ బందు, అంటే గోడ తిరిగే కీలు, ఒక గోడ మందమంత పైన ఉండాలి. పొట్టి గోడల దగ్గరా అదే కథ. నాలుగు గోడలకు నాలుగు మెట్లు. పాదం, అంటే పెట్టె అడుగు భాగం, 170, నాలుగు గోడల మందం 180, చుట్టూ అంచు 30. ఇందాక చెప్పిన 380 అలా వచ్చింది. అందులో 10 తగ్గించడానికి నేను ఎన్ని రాత్రులు కూర్చున్నానో మా ఇంట్లోవాళ్లను అడగండి.

నాలుగు మెట్లంటే నాలుగు రకాల గోడలు, నాలుగు అచ్చులు. ఇంత పెద్ద అచ్చు చేయించిన వాళ్లకు ఆ మాట వింటేనే చెమట పడుతుంది. దీనికో ఉపాయం ఉంది. బందు చీలకు గుండ్రటి రంధ్రం బదులు నిలువు గాడి ఇస్తే, గోడ తన మెట్టుకు తానే జరుగుతుంది. ఎదురెదురు గోడలు ఒకే అచ్చులో వస్తాయి. గోడ నిలబడ్డాక దిగి పాదం మీద కూర్చుంటుంది, పై పెట్టెల బరువు చీల మీద పడదు. ఈ రెండో లాభమే అసలైనది. నష్టం కూడా ఉంది. పిండి, నూక ఆ గాడిలోకే చేరతాయి. ఆహార పరిశ్రమ నుంచి తనిఖీకి వచ్చినవాళ్లు ముందు వేలు పెట్టి చూసేది అక్కడే.

మొదటి నమూనా గోడల మీద 1, 2, 3, 4 అని అంకెలు పోయించాం, ఆ వరుసలో మడవమని. రాత్రి షిఫ్టు చివర, బయట లారీ హారన్ కొడుతుంటే అంకెలు ఎవరు చూస్తారు? మూడోది ముందు పడుకుంది, ఒకటోది దాని మీద పడలేదు, ఒక తన్ను తగిలింది, బందు విరిగింది. తన్నినవాడిని తప్పు పట్టలేం. తరువాతి నమూనాలో పొడవు గోడ అంచు పొట్టి గోడను పట్టుకుని ఉండేలా చేశాం. వరుస తప్పితే గోడ అసలు కదలదు. అంకెలు తీసేశాం.

దానికంటే సిగ్గుపడ్డ రోజు ఒకటి ఉంది. పాదం ఉక్కు చట్రంతో, గోడలు హెచ్‌డీపీఈ అనే నల్లటి గట్టి ప్లాస్టిక్‌తో ఒక రకం చేశాం. డిసెంబరులో పరీక్షించాం, చక్కగా లేచాయి. మే నెలలో కొన్నవాళ్ల యార్డు నుంచి ఫోను: గోడలు లేవడం లేదు. వెళ్లి చూస్తే ఎండలో పెట్టెల వరుస, గోడల మీద చేయి పెట్టలేం. 1200 మిల్లీమీటర్ల గోడ 40 డిగ్రీలు వేడెక్కితే ఉక్కు చట్రం కంటే 5 మిల్లీమీటర్లకు పైనే ఎక్కువ సాగుతుంది. మేము వదిలిన సందు 3. నేను లెక్క వేస్తుండగానే అక్కడ పనిచేసే ఆమె బకెట్టు నీళ్లు తెచ్చి గోడ మీద గుమ్మరించింది. కాసేపటికి గోడ లేచింది. వారం రోజులుగా వాళ్లు అలాగే నెట్టుకొస్తున్నారట!

నింపాక మరో కథ. గుజ్జును నీళ్లనుకుని లెక్క వేస్తే, పొడవు గోడ ఒక్కదాన్ని బయటికి తోసే బలం 350 కిలోల బరువుకు పైనే. అది పడేది అడుగు నుంచి మూడో వంతు ఎత్తున, అంటే బందులకు దగ్గరగానే. గింజలైతే కొంత నయం. గాదెలో లోతు పెరిగేకొద్దీ గింజల బరువును గోడలు రాపిడితో మోస్తాయనీ, అందుకే అడుగున ఒత్తిడి ఒక హద్దు దాటదనీ జర్మన్ ఇంజనీరు జాన్సెన్ 1895లో లెక్క కట్టి చూపించాడు. ఎత్తైన గాదెకు అది వరం. మన పెట్టె పొట్టిది, దానికి దక్కేది కొసరే. అందుకని పొడవు గోడకు కింది సగంలో పక్కటెముకలు దగ్గర దగ్గరగా వేయండి. పై సగంలో ఒక చిన్న తలుపు ఇవ్వండి. మీటరు ఎత్తు పెట్టె అడుగు నుంచి చివరి గుళికలు తీయడానికి మనిషి నడుము విరిగేలా వంగకూడదు.

చెప్పింది చాలు. ఇద్దరు ముందుకు రండి, ఈ పెట్టెను మడవండి. ఆ బల్ల మీద తోలు గ్లౌజులున్నాయి, అవి వేసుకుని గడియ తీయాలి. ఉత్త చేతులతో ఇప్పటికే నాలుగుసార్లు తీశాను, అందులో పరీక్ష ఏమీ లేదు.